పట్టం పోయింది, తొలి పూజ మిగిలింది

వినాయక చవితి వెళ్లాక వెంకటగిరిలో పోలేరమ్మ జాతర మొదలవుతుంది. బుధవారం రాత్రి కుమ్మరి ఇంట మట్టిముద్ద అమ్మవారి రూపు దాలుస్తుంది. ఆ ఇల్లు అమ్మకు పుట్టిల్లు. అక్కణ్నుంచి చాకలి ఇంటికి తీసుకెళ్తారు. అది అత్తారిల్లు. గురువారం ఊరంతా మొక్కులు తీర్చుకున్నాక ఊరేగింపు, ఆ తర్వాత విరూపం. రాత్రంతా కూర్చుని చేసిన మట్టి బొమ్మను ఊరి వాళ్లే విరిచేస్తారు. కుమ్మరికీ చాకలికీ ఇంత చోటున్న ఈ జాతరలో కోట వారికీ ఒక వంతు ఉంది. తొలి పూజ వెలుగోటి రాజవంశీకులది.

ఆ కుటుంబానికి ఇవాళ ఎస్టేటు లేదు. శిస్తు వసూలు చేసే అధికారం లేదు. సర్కారు కాగితాల మీద పేరు ముందు బిరుదు రాయించుకునే హక్కూ లేదు. అయినా వెంకటగిరిలో పెద్దవాళ్లు ఇప్పటికీ రాజాగారనే అంటారు. ఏ చట్టం ఏది తీసుకుపోయింది, ఏది తీసుకుపోలేక వదిలేసింది అన్నది ఈ దక్షిణ రాయలసీమ కోటల చరిత్ర చదివితే బాగా అర్థమవుతుంది.

ముందుగా ఒక తేడా తెలుసుకోవాలి. రాజుల కథ అనగానే అందరికీ గుర్తొచ్చేది 1971. ఇందిరాగాంధీ ప్రభుత్వం రాజ్యాంగానికి 26వ సవరణ తెచ్చి మాజీ సంస్థానాధీశుల గుర్తింపునూ, వాళ్లకిచ్చే రాజభరణాలనూ రద్దు చేసిన సంవత్సరం అది. అంతకు ముందు ఏడాది రాష్ట్రపతి ఉత్తర్వుతో అదే పని చేయబోతే సుప్రీంకోర్టు కొట్టేసింది. కానీ ఆ గొడవతో చిత్తూరు, తిరుపతి ప్రాంతపు రాజులకు సంబంధమే లేదు. సీమ మొత్తంలో అలాంటి సంస్థానాలు బనగానపల్లె, సండూరు మాత్రమే. వెంకటగిరి, కాళహస్తి, కార్వేటినగరం, పుంగనూరు, కంగుంది ఇవన్నీ జమీందారీలు. వీళ్లకు రాజభరణం ఏనాడూ లేదు. ఇరవై ఏళ్ల ముందే, 1949-50 ప్రాంతంలోనే, వీళ్ల కథ ఒక కొలిక్కి వచ్చేసింది. ఢిల్లీలో మహారాజులు భరణాల కోసం వాదించుకుంటున్న నాటికి ఇక్కడి కోటల్లో అంతా సద్దుమణిగి రెండు దశాబ్దాలైంది.

వీళ్లలో చాలామంది పూర్వం పాళెగాళ్లు. సొంత సైన్యం ఉన్నవాళ్లు. కాళహస్తి దామెర్ల వారి పూర్వీకులు 1639లో ఇంగ్లిషు వాళ్లకు సముద్రపు ఒడ్డున ఇసుక దిబ్బ ఒకటి ఇచ్చారు. అదే మద్రాసయింది. ఆ ఇంగ్లిషు వాళ్లే 1802లో వెంకటగిరి, కాళహస్తి, కార్వేటినగరపు బొమ్మరాజుపాళెం, సైదాపురం అనే నాలుగు పశ్చిమ పాళేలకు సన్నదులు రాసిచ్చారు. అప్పటిదాకా ఉన్న సైనిక సేవ పోయి, దాని బదులు ఏటా కుంఫిణీకి కట్టాల్సిన పేష్కష్ శాశ్వతంగా నిర్ణయమైంది. కత్తి పోయి కవిలెకట్ట వచ్చింది. నిజానికి రాజరికం పోయింది ఆ రోజే. ఆ తర్వాత నూటయాభై ఏళ్లు మిగిలింది భూమి మీద పెత్తనం.

ఆ పెత్తనం చిన్నది కాదు. వెంకటగిరి జమీందారీ విస్తీర్ణం రెండు వేల చదరపు మైళ్లు దాటింది. నేడు తిరుపతి జిల్లాలో కలిసిన వెంకటగిరి 2022 దాకా నెల్లూరు జిల్లాలో ఉండేది. వెలుగోటి వారు రేచర్ల పద్మనాయకులు. రసార్ణవసుధాకరం రాసిన సర్వజ్ఞ సింగభూపాలుడి వంశం తమదని చెప్పుకుంటారు. ఇరవయ్యో శతాబ్దంలో కూడా వాళ్ల పిల్లలకు సర్వజ్ఞ అన్న పేరు పెట్టడం అందుకే. నేలటూరి వెంకటరమణయ్య పరిష్కరించిన 'వెలుగోటివారి వంశావళి'ని మద్రాసు విశ్వవిద్యాలయం 1939లో అచ్చువేసింది. బొబ్బిలికి దత్తు వెళ్లి పేరు తెచ్చుకున్న వాళ్లు ఈ ఇంటి బిడ్డలే. మద్రాసులో గోషా స్త్రీలకోసం కట్టిన ఆసుపత్రికి లక్ష రూపాయలిచ్చింది వెంకటగిరి రాజే. తిరువల్లిక్కేణిలో ఆ ఆసుపత్రి కస్తూర్బా గాంధీ పేరుతో ఇప్పటికీ నడుస్తోంది.

దానాల జాబితా ఒక్కటే చెప్పి ఊరుకుంటే రైతుకు అన్యాయం చేసినట్టే. ఆ లక్ష ఎక్కడిది? శిస్తు, పుల్లరి, అడవిలో కట్టె కొట్టుకుంటే పన్ను. పైగా చెరువు కింద నీటి తగాదాలు. వెంకటగిరి రైతులు ఏళ్ల తరబడి పోరాడారు. నెల్లూరు వెంకటరామానాయుడు 1928లో పెట్టిన వారపత్రిక పేరే 'జమీన్ రైతు'. ఆ పేరులోనే పోరాటం ఉంది. ఎన్.జి. రంగా లాంటి నాయకులు ఈ రైతుల పక్షాన నిలబడ్డారు. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజా, అప్పటి మద్రాసు ప్రధాని, వి.వి. గిరి చేతిలో ఓడిపోయాడు. జమీందార్ల రోజులు దగ్గరపడ్డాయని ఆ ఒక్క ఫలితంతో ప్రెసిడెన్సీ అంతటికీ తెలిసిపోయింది. స్వాతంత్ర్యం వచ్చాక 1947లో ముందు శిస్తులు తగ్గించే చట్టం వచ్చింది. మరుసటి ఏడాది అసలు చట్టం, మద్రాసు ఎస్టేట్ల రద్దు, రైత్వారీ మార్పిడి చట్టం వచ్చింది. 1949 సెప్టెంబరులో వెంకటగిరి ఎస్టేటు ప్రభుత్వం చేతికి వెళ్లింది. 1950 జనవరిలో రాజ్యాంగం అమల్లోకి వచ్చింది. దాని 18వ అధికరణం బిరుదులను తీసేసింది. ఐదు నెలలు తిరక్కుండా భూమీ పోయింది, బిరుదూ పోయింది.

పరిహారం ఇచ్చారు. ఎలా ఇచ్చారన్నది చూడాలి. ఎస్టేటు ఆదాయం నుంచి లెక్కకట్టిన మూల వార్షిక మొత్తం వెయ్యి రూపాయల లోపుంటే దానికి 30 రెట్లు, లక్ష దాటితే పన్నెండున్నర రెట్లు. చిన్న జమీందారుకు ఎక్కువ రెట్లు, పెద్ద జమీందారుకు తక్కువ. న్యాయమైన పద్ధతే. అయితే ఆ డబ్బు నేరుగా రాజుగారి చేతికి రాలేదు. ట్రిబ్యునల్లో జమచేశారు. అప్పులిచ్చిన వాళ్లు, జీవనభృతి హక్కున్న దాయాదులు, వాటాదార్లు అందరూ అక్కడికి అర్జీలు పట్టుకొచ్చారు. తరతరాలుగా దివాణం గోడల మధ్య గుసగుసగా ఉన్న లెక్కలన్నీ వకీళ్ల బల్లల మీదికి వచ్చాయి.

వెంకటగిరిది పంపకం లేని ఎస్టేటు. పెద్దకొడుకుకే పట్టం, మిగతా వాళ్లకు భృతి. ఎస్టేటే లేనప్పుడు మిగిలిన భవనాలు, తోటలు ఎవరివి? పాత నియమం ప్రకారం ఒక్కరివేనా, మామూలు హిందూ కుటుంబంలోలాగా అందరివీనా? ఈ ప్రశ్న మీద వెలుగోటి వారి దావా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1969లో తీర్పు వచ్చింది. వాది, ప్రతివాదుల పేర్లు రెండూ యాచేంద్ర అనే ముగుస్తాయి. లా కాలేజీల్లో చదివే పిల్లలకు ఆ కేసు ఒక నంబరు. ఆ కోటలో పెరిగిన వాళ్లకు మాత్రం అది ఇరవై ఏళ్ల జీవితం.

ఆ ఇరవై ఏళ్లలో వెంకటగిరి రాజా సర్వజ్ఞ కుమార కృష్ణ యాచేంద్ర నడిచిన దారి వేరుగా ఉంటుంది. ఆయన పుట్టపర్తి సత్యసాయిబాబాకు తొలినాటి భక్తుల్లో ఒకడు. పుట్టపర్తికి సరైన రోడ్డు కూడా లేని రోజుల్లో రాజా కారు అక్కడికి వెళ్లేది. బాబా వెంకటగిరికి చాలాసార్లు వచ్చారు. 1957 ఏప్రిల్‌లో దివ్యజీవన సంఘం అఖిల భారత మహాసభ వెంకటగిరిలో జరిగింది. రిషికేశ్ శివానంద ఆశ్రమం నుంచి సాధువులు వచ్చారు. బాబా అధ్యక్షత వహించారు. ఆ పరిచయంతోనే ఆ ఏడాది బాబా రిషికేశ్ వెళ్లారు. పూర్వం దర్బారు జరిగిన ఊళ్లో ఇప్పుడు కాషాయాలు, భజనలు. రైతు అర్జీ పట్టుకుని ఎవరి కోసం ఎదురుచూసేవాడో ఆ రాజు ఇక లేడు. వచ్చినవాళ్లకు మర్యాద చేసే గృహస్థు ఉన్నాడు. అధికారం పోయిన మనిషి కుంగిపోకుండా తనకు అలవాటైన పనిని, అంటే ఊరికి ఆతిథ్యమివ్వడాన్ని, మరో రూపంలో కొనసాగించాడు. ఇది ఆయన చేసిన మంచి పని.

తర్వాతి తరం ఓటర్ల దగ్గరికి వెళ్లింది. 1985లో తెలుగుదేశం అభ్యర్థిగా వి.బి. సాయికృష్ణ యాచేంద్ర వెంకటగిరి నుంచి శాసనసభకు గెలిచారు. పేరులోనే ఆ ఇంటి భక్తి కనిపిస్తుంది. 1989లో అదే స్థానం నుంచి కాంగ్రెస్ తరఫున గెలిచిన నేదురుమల్లి జనార్దనరెడ్డి మరుసటి ఏడాది ముఖ్యమంత్రి అయ్యారు. 1994లో వి.వి.ఆర్.కె. యాచేంద్ర మళ్లీ తెలుగుదేశం తరఫున నెగ్గారు. 1999లో నేదురుమల్లి రాజ్యలక్ష్మి గెలిచారు. ఒకప్పుడు కోట గుమ్మం ముందు చెప్పులు చేత పట్టుకుని నిలబడ్డ వాళ్ల మనవలు ఒకసారి రాజును గెలిపించారు, ఒకసారి వేరే వాళ్లను గెలిపించారు. జమీన్ రైతు ఉద్యమం కోరుకున్నది సరిగ్గా ఇదే. సాయికృష్ణ యాచేంద్ర 2020లో తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర భక్తి చానల్‌కు చైర్మన్ అయ్యారు. పూర్వీకులు వెంకన్నకు మాన్యాలు రాసిచ్చారు, వారసుడు వెంకన్న టీవీ నడిపాడు.

కోటతో పాటు మగ్గమూ మారింది. వెంకటగిరి నేతగాళ్లు ఒకప్పుడు రాజులకూ జమీందార్లకూ జరీ ధోవతులు, తలపాగాలు, ఉత్తరీయాలు నేసేవాళ్లు. కొనే రాజే లేనప్పుడు తలపాగా ఎవరికి? నేత చీర వైపు తిరిగింది. నూరో నంబరు నూలు, జరీ అంచు, జాందానీ బుటాలు. ఇవాళ ఆ ఊరి పేరు వినగానే మొదట గుర్తొచ్చేది చీరే, రాజు తర్వాతే.

ఇక కార్వేటినగరం. ఇక్కడి కథ చెప్పాలంటే కోట దగ్గర కాదు, గుళ్ల దగ్గర మొదలుపెట్టాలి. ఈ రాజులు అప్పుల్లో మునిగి కోర్ట్ ఆఫ్ వార్డ్స్ అనే సర్కారు అజమాయిషీ చూసినవాళ్లే. ఊళ్లు అమ్ముకున్నారు, కళలు మాత్రం అమ్ముకోలేదు. కార్వేటినగరం వేణుగోపాలుడి మీద సారంగపాణి రాసిన పదాలు నర్తకీమణుల నోళ్ల మీదుగా దక్షిణదేశమంతా తిరిగాయి. తిరుత్తణి సుబ్రహ్మణ్యేశ్వరుడి సేవ కూడా ఈ జమీందారీదే. సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టిన ఊరు ఆ తిరుత్తణే. ఆయన తండ్రి జమీందారు కొలువులో చిన్న రెవెన్యూ ఉద్యోగి. జమీందారు గుమాస్తా కొడుకు రాష్ట్రపతి అయ్యాడు. తిరుత్తణి 1960లో సరిహద్దు మార్పుల్లో మద్రాసు రాష్ట్రానికి పోయింది.

జమీందారీ పోయాక గుళ్లకు అసలు కష్టం మొదలైంది. ఊళ్ల ఆదాయం మీద నడిచిన దీపధూపాలు, వంటశాలలు, ఉత్సవాలు, వీటన్నిటికీ ఖర్చు ఎవరు పెట్టాలి? ధర్మకర్త రాజుగారే. ఆదాయం మాత్రం లేదు. 1967 ఏప్రిల్‌లో కార్వేటినగరం వారసులు పెరుమాళ్‌రాజ బహద్దూర్ నారాయణవనం కల్యాణ వేంకటేశ్వరస్వామి ఆలయాన్ని తిరుమల తిరుపతి దేవస్థానానికి అప్పగించారు. అదే ఏడాది సెప్టెంబరులో నాగలాపురం వేదనారాయణస్వామి ఆలయమూ దేవస్థానం కిందికి వెళ్లింది. కొన్నేళ్ల తర్వాత కార్వేటినగరంలోని వేణుగోపాలస్వామి కూడా. ఇలా ఒక్కో గుడీ చేతులు మారింది.

నారాయణవనం మామూలు ఊరు కాదు. పద్మావతీ శ్రీనివాసుల పెళ్లి జరిగిందని స్థలపురాణం చెప్పే ఊరు, ఆకాశరాజు రాజధాని. గుడిలో పెద్ద తిరగలి రాయి ఉంది. అప్పటి పెళ్లి పనులకు వాడిందని భక్తుల నమ్మకం. పెళ్లి కావాల్సిన పిల్లల తల్లులు దాని చుట్టూ తిరిగి చేయి ఆనించి దండం పెట్టుకుంటారు. అమ్మాయి తరఫు వాళ్ల ఊరు కాబట్టి, ఆ గుడి ధర్మకర్త ఒక రకంగా స్వామికి అత్తారింటి మనిషి. అలాంటి గుడి తాళాలు వేరొకరి చేతిలో పెట్టాలంటే ఎంత గుండె దిటవు కావాలో! గుడిని తన ఆస్తిగా పట్టుకుని కూర్చుంటే కార్వేటినగరపు దొరకు బిరుదు మిగిలేదేమో గానీ దేవుడి ముందు దీపం మిగిలేది కాదు. ఆయన దీపాన్ని ఎంచుకున్నారు. నాగలాపురంలో ఏటా మూడు రోజులు సూర్యకిరణాలు గర్భగుడిలోకి వచ్చి మూలమూర్తి పాదాల నుంచి పైకి పాకే ఉత్సవం ఇవాళ వేలమంది చూడగలుగుతున్నారంటే ఆ నిర్ణయమే కారణం. ఈ ప్రాంతపు మాజీ రాజులు చేసిన పనుల్లో దీన్నే ముందు చెప్పుకోవాలి.

పుంగనూరుది మరో తీరు. అక్కడ దేవత కోటలోకే వస్తుంది. జమీందారుల కులదైవం సుగుటూరు గంగమ్మ జాతర జరిగే రెండు రోజులూ ప్యాలెస్ ఆవరణలోనే అమ్మవారి దర్శనం. జమీందారు కుటుంబం తొలి పూజ చేశాక ఊరు లోపలికి వస్తుంది. ఏడాదంతా మూసి ఉండే గేట్లు ఆ రెండు రోజులూ కులం, హోదా చూడకుండా అందరికీ తెరుచుకుంటాయి. పొట్టేళ్లు, వేపాకు, పసుపునీళ్లు, ముందురోజు నుంచే బారులు తీరిన జనం. పేరుకు ఇది జమీందారు ఇల్లు, ఆ రెండు రోజులూ ఊరి ఇల్లు. ఈ రాజులు పోషించారని చెప్పే పొట్టి ఆవు కూడా ఊరి పేరునే దేశమంతా మోస్తోంది. నడుము ఎత్తు కూడా లేని పుంగనూరు ఆవులకు ప్రధాని నరేంద్ర మోదీ 2024 సంక్రాంతికి తన ఇంటి ఆవరణలో మేత పెట్టిన ఫొటోలు అందరూ చూశారు. ఈ జాతి నశించిపోకుండా పలమనేరు పరిశోధన కేంద్రం దశాబ్దాలుగా చేస్తున్న పని ఆ ఫొటోల్లో కనబడదు. చెప్పుకోవాల్సింది మాత్రం అదే.

కొండ మీదికి వెళ్లినా ఇదే కనిపిస్తుంది. తిరుమల శ్రీవారికి బ్రహ్మోత్సవాలకు తెలంగాణ నుంచి గద్వాల సంస్థానం వారి ఏరువాడ జోడు పంచెలు వస్తాయి. పదకొండు గజాల పొడవు, రెండున్నర గజాల వెడల్పు. నేతగాళ్లు నియమంతో 41 రోజులు కూర్చుని నేస్తారు. మూలవిరాట్టుకు వాటిని కడతారు. గద్వాల సంస్థానం ఏనాడో కలిసిపోయింది, పంచెలు మాత్రం ఏ ఏడూ ఆగలేదు. మైసూరు మహారాజు జన్మనక్షత్రం రోజున నెలనెలా తిరుమలలో పల్లవోత్సవం జరుగుతుంది. రాజ్యం లేదు, రాజు నక్షత్రం మాత్రం పంచాంగంలో ఉంది.

పరికించి చూస్తే ఈ ఊళ్లన్నిటిలో ఒకే సంగతి. రాజులు తమకోసం దాచుకున్నది ఏదీ నిలవలేదు. అడవులు పోయాయి, శిస్తు పోయింది, భవనాలు దావాల్లో ముక్కలయ్యాయి. దేవుడికో ఊరికో ఇచ్చింది మాత్రం వాళ్ల పేరుతోనే నిలిచింది. పోలేరమ్మ ముందు, గంగమ్మ ముందు తొలి పూజ ఈనాటికీ దక్కుతున్నది ఆ ఇచ్చిన దానికే.

అయితే ఆ ఇచ్చిందానికీ, తీసుకున్నదానికీ లెక్కలున్న కాగితాలు మాత్రం కళ్లముందే పోతున్నాయి. ఎస్టేటు దస్తావేజులు, అడంగళ్లు, రైతులు పెట్టుకున్న అర్జీలు, గుడి మాన్యాల పట్టాలు, కోర్టు కాపీలు కోటల గదుల్లో, పాత కరణాల ఇళ్ల అటకల మీద చెదలు పట్టిపోతున్నాయి. అందులో రాజుల చరిత్ర ఎంతుందో రైతుల చరిత్ర అంతకంటే ఎక్కువే ఉంది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రాచ్య పరిశోధనా సంస్థ ఉంది, రాష్ట్ర ఆర్కైవ్స్ శాఖ ఉంది. వెంకటగిరిలో, కార్వేటినగరంలో, పుంగనూరులో, కాళహస్తిలో ఇంట్లో ఒక్క పాత కట్ట ఉన్నా, దాన్ని పాత కాగితాల వాడికి వెయ్యకండి. ఒకసారి అక్కడ చూపించండి.